జానపద బ్రహ్మ విఠలాచార్య

మన వైపు ఎవరైనా నమ్మశక్యం కాని కబురు చెప్తే, ఇదేదో విఠలాచార్య సినిమాలా ఉందే అనడం అలవాటు. బస్సులో అంటాం, పొలంగట్టు మీద అంటాం, చివరికి అసెంబ్లీలో నాయకులు కూడా అంటారు. ఒక మనిషి పేరు భాషలో సామెతగా స్థిరపడాలంటే ఆ మనిషి సామాన్యుడై ఉండడు. అయితే ఆ పేరుగల మనిషి ఎవరు, ఎక్కడివాడు, ఏం చదువుకున్నాడు అని అడిగితే మనలో నూటికి తొంభై మంది తెల్లమొగం వేస్తారు. చాలామంది ఆయన తెలుగువాడే అనుకుంటారు. మన కాలేజీ సంచికల్లో మహాకవుల జీవితాలూ, దేశనాయకుల జీవితాలూ ఏటా వస్తూనే ఉన్నాయి. ఈసారి దెయ్యాలకూ, మాంత్రికులకూ, మాయాగుహలకూ తెర మీద ఊపిరి పోసిన ఈ పెద్దమనిషి జీవితాన్ని మిత్రుల ముందుంచుతున్నాను. ఇదేం సబ్జెక్టండీ అని లెక్చరర్లు మొహం చిట్లించవద్దని మనవి. చివరిదాకా చదివితే ఇందులోనూ చదువు గురించే ఉందని ఒప్పుకుంటారు.

విఠలాచార్య 1920 జనవరిలో ఉడుపి దగ్గర ఉద్యావర అనే ఊళ్ళో పుట్టారు. అప్పట్లో ఆ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని దక్షిణ కన్నడ జిల్లా, ఇప్పుడు కర్ణాటకలోని ఉడుపి జిల్లా. బాల్యం కష్టంగా గడిచింది. చదువు మూడో తరగతితో సరి. తొమ్మిదేళ్ళ వయసులో ఇల్లు విడిచిపెట్టి వెళ్ళిపోయారు. చేరింది హాసన్ జిల్లాలోని అరసికెరె. అది రైల్వే జంక్షను. వచ్చేపోయే జనం, కాఫీ ఫలహారాలు, రకరకాల భాషలు. ఆ సందడిలో దొరికిన పనల్లా చేశారు. కొన్నాళ్ళకు బంధువు దగ్గర నుంచి ఒక ఉడుపి హోటలు తీసుకుని బాగానే నడిపారు. బతుకు గట్టున పడింది కదా అని ఊరుకునే రకం కాదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వస్తే స్నేహితులతో కలిసి అందులో దూకారు, జైలుకు వెళ్ళారు.

జైలు నుంచి బయటికొచ్చాక హోటలు తమ్ముడికి అప్పగించేసి, మిత్రుడు డి. శంకర్ సింగ్ మొదలైనవారితో కలిసి హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీసు పెట్టారు. ఈ తరం విద్యార్థులకు టూరింగ్ టాకీసంటే ఏమిటో చెప్పాలి. ఊరి బయట ఖాళీ స్థలంలో గుడారం వేస్తారు. లోపల ఒక తెర, ఒక ప్రొజెక్టరు, ముందు ఇసుక నేల, వెనక బల్లలు, ఇంకా వెనక నాలుగు కుర్చీలు. చీకటి పడితేగాని ఆట మొదలుపెట్టడానికి వీల్లేదు. ప్రొజెక్టరు ఒక్కటే కనుక రీలు రీలుకూ ఆట ఆగుతుంది. కొన్నాళ్ళాడి జనం పలచబడగానే గుడారం ఎత్తి పక్క ఊరికి పోతారు. మన డెల్టాలోనూ ఇదే పద్ధతి. కాలవగట్ల మీద ఎడ్లబండ్లు కట్టుకుని ఆటకు వెళ్ళిన తాతయ్యలు, మామ్మలు మన ఇళ్ళల్లో ఉండేవాళ్ళు.

విఠలాచార్యకు ఆ గుడారమే కాలేజీ అయింది. తమ టాకీసులో ఆడిన ప్రతి పిక్చరూ చూశారు. ఒక్కసారి కాదు, ఆడినన్నాళ్ళూ చూశారు. యజమాని కనుక తెరనే కాదు, జనాన్ని కూడా చూసే వీలుంది. ఎక్కడ ఈల వేస్తున్నారు, ఎక్కడ బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోతున్నారు, ఎక్కడ పసిపిల్ల తల్లి కొంగులో మొహం దాచుకుంటోంది, ఇవన్నీ రోజూ కళ్ళముందే. ఆయనకు సినిమా నేర్పిన గురువు మరొకరు లేరు. నేల క్లాసులో కూర్చున్న ఆ జనమే ఆయన పరీక్షాధికారులు. వాళ్ళు వేసిన మార్కుల్నే ఆయన జీవితాంతం లెక్కపెట్టారు.

ఆ తరవాత మకాం మైసూరుకు మారింది. శంకర్ సింగ్, ఆయనా కలిసి మహాత్మా పిక్చర్స్ అనే సంస్థ నడిపారు. 1949లో ‘నాగకన్నిక’, 1951లో ‘జగన్మోహిని’ ఆ సంస్థ నుంచే వచ్చాయి. ఈ రెండో పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. భాగస్వామ్యం విడిపోయాక 1953లో విఠల్ ప్రొడక్షన్స్ పేరుతో సొంత సంస్థ పెట్టి కన్నడంలో ‘రాజ్యలక్ష్మి’ తీశారు. వరకట్నం మీద తీసిన ‘కన్యాదాన’ను తెలుగులోకి తెచ్చేసరికి ఆయన దృష్టి మద్రాసు మీద పడింది. స్టూడియోలు, టెక్నీషియన్లు, లేబొరేటరీలు అన్నీ అక్కడే. సంసారాన్ని మద్రాసుకు తరలించి తెలుగు సినిమాలో స్థిరపడిపోయారు. చిత్రమేమిటంటే, దెయ్యాల దర్శకుడని మనం అనుకునే మనిషి తెలుగులో అడుగుపెట్టింది ఒక సాంఘిక సమస్యతో.

1959లో ‘జయ విజయ’తో జానపదం పట్టారు. 1960లో ‘కనకదుర్గ పూజా మహిమ’ వచ్చింది. ఇంద్రకీలాద్రి నీడలో బతికే మనకు ఆ పేరే చాలు. ఈ చిత్రంతో మన జిల్లాకు మరో సంబంధం కూడా ఉంది. గుడ్లవల్లేరు దగ్గర కౌతరం కుర్రాడు కైకాల సత్యనారాయణ బెజవాడలో ఇంటర్మీడియెట్, గుడివాడ కాలేజీలో డిగ్రీ చదివి సినిమాల్లోకి వెళ్ళాడు. 1959లో హీరోగా వేసిన ‘సిపాయి కూతురు’ సరిగా ఆడలేదు. హీరో వేషాలు రాని ఆ కుర్రాడిలో విలన్‌ను పసిగట్టింది విఠలాచార్య. ‘కనకదుర్గ పూజా మహిమ’లో వేషమిచ్చారు. అక్కణ్ణుంచి సత్యనారాయణ ప్రయాణం ఎంత దూరం సాగిందో, నవరస నటసార్వభౌముడని ఎందుకనిపించుకున్నాడో చెప్పనక్కర్లేదు. తన కంటితో మనిషిని తూచడం టాకీసు గుడారంలో నేర్చిన విద్యే.

ఇక కత్తి కాంతారావు సంగతి. విఠలాచార్య జానపదాలకు కాంతారావు, కాంతారావు కత్తికి విఠలాచార్య అన్నట్టు నడిచింది 1960ల కాలం. ‘ఖైదీ కన్నయ్య’, ‘మదనకామరాజు కథ’, ‘గురువును మించిన శిష్యుడు’, ‘నవగ్రహ పూజా మహిమ’, ‘జ్వాలాద్వీప రహస్యం’, ఇలా ఏడాదికి ఒకటో రెండో వస్తూనే ఉన్నాయి. మరోపక్క మన నిమ్మకూరు బిడ్డ, ఎస్.ఆర్.ఆర్. కాలేజీ పూర్వవిద్యార్థి నందమూరి తారక రామారావుతో 1963లో ‘బందిపోటు’ తీశారు. ఘంటసాల సంగీతం, కృష్ణకుమారి నాయిక. అది పెద్ద విజయం. ఆపైన ‘అగ్గిపిడుగు’, ‘మంగమ్మ శపథం’, ‘చిక్కడు దొరకడు’, ‘గండికోట రహస్యం’, ‘లక్ష్మీకటాక్షం’ వగైరాలతో వాళ్ళిద్దరి చిత్రాలు పది దాటాయి. రాముడుగా కృష్ణుడుగా పూజలందుకుంటున్న రామారావును గుర్రమెక్కించి, ముసుగు తొడిగించి, గోడలు దూకించి పల్లెటూరి కుర్రకారుకు దగ్గర చేసిన వాళ్ళల్లో ఆయన ముఖ్యుడు.

జానపదమంటే మనకు ముందే ‘పాతాళభైరవి’ ఉంది. 1951లో విజయావారు కె.వి. రెడ్డిగారి చేత తీయించిన ఆ చిత్రానికి స్టూడియో బలం ఉంది, డబ్బుంది, కావలసినంత వ్యవధి ఉంది. విఠలాచార్యకు ఉన్నది మాత్రం పొదుపు. ఒక చిత్రానికి వేసిన సెట్టును రంగు మార్చి, స్తంభాలు జరిపి మరో చిత్రానికి వాడేవారు. అనుకున్న బడ్జెట్టులో, అనుకున్న రోజుల్లో పిక్చరు పూర్తి కావలసిందే. వేషధారి డబ్బు దగ్గర పేచీ పెట్టినా, కాల్షీట్లు ఎగ్గొట్టినా ఆయన కంగారుపడేవారు కాదట. మునిచేత ఒక శాపం ఇప్పించి ఆ పాత్రను చిలకగానో, కోతిగానో మార్చేసి మిగతా కథ నడిపించేసేవారని సినిమా జనం నేటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఇది ఎంతవరకు నిజమన్నది అలా ఉంచి, ఆయన ఎవరికోసమూ ఆగని మనిషి అన్న సంగతి మాత్రం ఆ కథలో ఉంది.

ఆ మాయలన్నీ ఎలా చేశారు? ఇప్పటిలాగా కంప్యూటర్లు లేవు. అంతా కెమెరాలోనే జరగాలి. మనిషి చిలకగా మారాలంటే కెమెరాను స్టాండు మీద కదలకుండా బిగించి, ఆపి, మనిషిని తప్పించి అదే చోట చిలకను కూచోబెట్టి మళ్ళీ తిప్పడం. మధ్యలో దీపం కదిలినా, పక్కనున్న నటుడు తల తిప్పినా మాయ చెడుతుంది. దెయ్యం పారదర్శకంగా కనబడాలంటే ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీయాలి, రెండోసారి నల్లగుడ్డ ముందు. ఒకే మనిషి ఇద్దరుగా కనబడాలంటే లెన్సులో సగం మూసి ఒకసారి, ఫిల్మును వెనక్కి చుట్టి మిగతా సగం మూసి ఇంకోసారి. వీరుడు నేల మీద నుంచి చెట్టు మీదికి ఎగరాలంటే చెట్టు మీద నుంచి దూకించి ఆ బొమ్మను వెనక నుంచి ముందుకు నడిపించడం. ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ అనే ఇంద్రజాలికుడు పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఇటువంటి విద్యలు చేశాడు. అమెరికాలో రోజర్ కోర్మన్ 1960లో ‘లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ను, వేరే చిత్రానికి వేసిన సెట్టులో, దాదాపు రెండు రోజుల్లో తీసి పారేశాడు. బొంబాయిలో రామ్సే సోదరులు 1972లో ‘దో గజ్ జమీన్ కే నీచే’తో తక్కువ ఖర్చు భయాల దుకాణం తెరిచారు. విఠలాచార్యది ఈ కులమే. వాళ్ళ మీద ఇంగ్లీషులో పుస్తకాలు వచ్చాయి, ఫిల్ము స్కూళ్ళలో పాఠాలు చెప్తున్నారు. మనవాడి గురించి మనం జోకులతో సరిపెట్టుకున్నాం.

1970ల్లో పెద్ద హీరోలంతా సాంఘికాల వైపు వెళ్ళిపోయారు. జానపదం పనైపోయిందన్నారు. విఠలాచార్య కూడా 1972లో అక్కినేనితో ‘బీదలపాట్లు’ అనే సాంఘికం తీశారు. కాని 1978లో, అరవైకి దగ్గర పడుతున్న వయసులో, పాత పేరు బయటికి తీశారు. అదే ‘జగన్మోహిని’. నరసింహరాజు, జయమాలిని, ప్రభ ముఖ్యపాత్రలు. కట్టెలు లేకపోతే దెయ్యం తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట చేసే సీను చూసి హాలు హాలంతా కెవ్వుమంది, వెంటనే పగలబడి నవ్వింది. ఆ భయమూ ఆ నవ్వూ ఒకే నిమిషంలో రప్పించడమే ఆయన రహస్యం. తమిళంలోకి వెళ్ళి అక్కడా ఆడింది. 2009లో అదే పేరుతో తమిళంలో మళ్ళీ తీశారంటే దాని ఊపు ఎన్నాళ్ళుందో ఊహించుకోవచ్చు. ‘జగన్మోహిని’ తరవాత ‘గంధర్వ కన్య’, ‘మదన మంజరి’, ‘నవమోహిని’, ‘మోహినీ శపథం’ వరసగా వచ్చాయి. 1992 నాటి ‘కరుణించిన కనకదుర్గ’ ఆయన ఆఖరి చిత్రాల్లో ఒకటి. తొలినాళ్ళలో తలచుకున్న అమ్మవారినే చివరి రోజుల్లోనూ తలచుకున్నారు.

ఆయన చిత్రాలకు బెజవాడ పెట్టనికోట. 1921లో మారుతీ టాకీసు వెలిసిన ఊరు ఇది. గాంధీనగరంలో వీధి వీధినా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులు, అక్కణ్ణుంచే ఫిల్ము పెట్టెలు బందరుకూ, గుడివాడకూ, ఉయ్యూరుకూ, అవనిగడ్డకూ బస్సులెక్కి వెళ్ళేవి. కొత్తగా వచ్చినప్పుడు పట్నంలో ఆడి, తరవాత ఏళ్ళ తరబడి పల్లె హాళ్ళలో సెకండ్ రన్, థర్డ్ రన్ అంటూ తిరిగేవి. గీతలు పడి, ముక్కలు తెగి, కొన్ని సీన్లు ఎగిరిపోయి కూడా డబ్బు తెచ్చేవి.

1980ల్లో వీడియో వచ్చింది. టీవీ, వీసీఆర్, నాలుగు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దె. సంక్రాంతికో, పెళ్ళికో, కుప్పనూర్పిళ్ళయి చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడో వీధి అరుగు మీద పెట్టె పెట్టి తెల్లవార్లూ చూసేవారు. మొదటి రెండు క్యాసెట్లు కొత్త సినిమాలు. అర్ధరాత్రి దాటాక, పెద్దలు కునుకు తీస్తుండగా, పెట్టే క్యాసెట్టు మాత్రం తప్పకుండా విఠలాచార్యది. ‘జగన్మోహిని’ దొరక్కపోతే షాపువాడు చేతికిచ్చినది ఏదైనా సరే. అలాగే ఎవరూ పెద్దగా పట్టించుకోని ‘జ్వాలాద్వీప రహస్యం’ లాంటివి పల్లెటూళ్ళలో మళ్ళీ బతికాయి. ఆ తరవాత టీవీ చానళ్ళు మధ్యాహ్నప్పూట వేశాయి, సీడీలొచ్చాయి, ఇప్పుడు హాస్టలు గదిలో దుప్పటి కప్పుకుని సెల్‌ఫోనులో చూస్తున్నాం.

హాలులో చూడడానికీ ఇంట్లో చూడడానికీ తేడా ఉంది. హాలులో భయం పదిమందిది. పక్కవాడు కెవ్వుమంటే మనకు నవ్వొస్తుంది. ఇంట్లో ఒంటరిగా చూస్తే దెయ్యం మన పెరట్లోకే వస్తుంది. డెల్టాలో పుట్టిన వాళ్ళకు కొరివిదెయ్యాల కథలు ఉగ్గుపాలతోనే అలవాటు. వరిచేలల్లో దూరంగా దీపం కదిలితే చాలు, గుండె జారుతుంది. అందుకే ఆయన మీద ఒక నేరారోపణ ఎప్పటినుంచో ఉంది. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపారన్న వార్తలు నేటికీ పేపర్లో చూస్తున్నాం. ఇలాంటి సమాజంలో మాంత్రికుల్నీ, క్షుద్రపూజల్నీ అన్ని రీళ్ళు చూపించడం మూఢనమ్మకాలకు నీళ్ళు పోయడం కాదా? కాదని తేలిగ్గా కొట్టిపారేయడం నిజాయితీ కాదు. వ్రతాలతో, మహిమలతో కథ ముగించడం ఆయనకు సులువైన దారి. జయమాలిని వంటి నటీమణుల్ని ఒంటి సొంపు చూపించడానికి వాడుకున్నారన్న మాట కూడా న్యాయమైనదే.

అయినా రెండో పక్క కూడా చూడాలి. ఊళ్ళో చేతబడి పుకార్లలో దెయ్యానికి మొహం ఉండదు. ఎవరో ఒక దిక్కులేని ముసలమ్మ మొహం దానికి తగిలిస్తారు. విఠలాచార్య దెయ్యానికి మొహం ఉంది, వంటిల్లు ఉంది, ప్రేమ ఉంది, అసూయ ఉంది. అది పొరుగింటి ముసలమ్మ కాదు, తెర మీద పాత్ర. దాన్ని చూసి పిల్లలు మొదట జడుసుకుని, మర్నాడు బళ్ళో అనుకరించి నవ్వుకునేవారు. నవ్విన దెయ్యానికి మనిషి ఎక్కువకాలం భయపడడు. ఆయన ఉద్దేశం ఇదేనని నేననను. ఫలితం మాత్రం చాలా ఇళ్ళల్లో ఇదే.

ఇంట్లో చూడడంలో ఇంకో లాభం ఉంది. బొమ్మను ఆపవచ్చు. వెనక్కి తిప్పవచ్చు. చిలకగా మారే క్షణం దగ్గర ఆపి చూస్తే అతుకు కనబడుతుంది. పక్కనున్న నటుడి కండువా వెంట్రుకవాసి జరిగి ఉంటుంది. ఎగిరే మనిషి నడుముకు తీగ మెరుస్తుంది. ఎగతాళి చేసేవాళ్ళు అక్కడ ఆగిపోతారు. నేర్చుకునేవాళ్ళు మళ్ళీ వెనక్కి తిప్పుతారు. హాసన్ జిల్లా గుడారంలో ఒకే పిక్చరును పదేపదే చూసి సినిమా నేర్చుకున్న యువకుడికి ఏ వీలు దొరికిందో, ఇవాళ మన ప్రతి ఒక్కరి చేతిలో ఆ వీలుంది. ఆయనకు గుడారం, ప్రొజెక్టరు, అప్పులు కావలసి వచ్చాయి. మనకు ఫోను చాలు. పైగా కెమెరా కూడా అందులోనే ఉంది.

ఒక్క విచారం. ఇవాళ మనకు దొరుకుతున్న ప్రతులు చాలావరకు వీడియో కాలంలో అరిగిపోయిన ప్రింట్ల నుంచి ఎక్కించినవే. రంగు వెలిసి, అంచులు తెగి, పాటలు ఎగిరి ఉన్నాయి. సెల్యులాయిడ్ శాశ్వతం కాదు. వేడికీ, చెమ్మకూ పాడైపోతుంది. మన సముద్రతీరపు గాలికి మరీను. పూనాలో జాతీయ ఫిల్ము ఆర్కైవు 1964లోనే పెట్టారు గాని, దెయ్యాల సినిమాను దాచుకోవాలన్న ఆలోచన అప్పుడు ఎంతమందికి వచ్చి ఉంటుంది? గొప్పవనుకున్నవాటిని భద్రపరచడం అందరూ చేసే పనే. జనం చూసినవాటిని భద్రపరచకపోతే ఆ జనం ఏం చూసి నవ్వారో, దేనికి భయపడ్డారో రేపటి చరిత్ర విద్యార్థికి తెలిసే దారి ఉండదు. బెజవాడలో హాళ్ళు ఒక్కొక్కటే కల్యాణమండపాలుగా, దుకాణ సముదాయాలుగా మారిపోయాయి. పోస్టర్లు, పాటల పుస్తకాలు, ఆపరేటర్ల జ్ఞాపకాలు ఇంకా కొన్ని ఇళ్ళల్లో మిగిలే ఉన్నాయి. సెలవుల్లో ఇంటికి వెళ్ళే మన విద్యార్థులు అటకలు వెతికినా, ఊళ్ళో పాత ఆపరేటరును కూచోబెట్టి మాట్లాడించి రికార్డు చేసినా అది పరిశోధనే అవుతుంది. చరిత్ర శాఖవారు, తెలుగు శాఖవారు ఆలోచించాలి.

విఠలాచార్య 1999 మే 28న మద్రాసులో కన్నుమూశారు. ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్ళు. అది రామారావు పుట్టినరోజు కూడా. పెద్ద పెద్ద సర్కారు బిరుదులేవీ ఆయన్ని వెతుక్కుంటూ రాలేదు. జానపద బ్రహ్మ అన్నది జనం ఇచ్చిన పేరు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి, తనది కాని భాషలో, కోట్లమంది పిల్లలకు కలలూ పీడకలలూ కూడా పంచి వెళ్ళాడు. డిగ్రీలు పుచ్చుకుని గడప దాటబోతున్న మిత్రులు ఈసారి ఎవరైనా విఠలాచార్య సినిమా అని వెటకారమాడినప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఆ వెటకారం వెనక అరసికెరె రైల్వేజంక్షనులో తొమ్మిదేళ్ళ కుర్రవాడొకడు నిలబడి ఉన్నాడు. వాడికి బడి లేదు, అయినా నేర్చుకోవడం మానలేదు.